కట్టెల పొయ్యి, పేదరికం, అడవి: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రామసభల్లో, వన సంరక్షణ సమితి సమావేశాల్లో, కాలేజీ ప్రాజెక్టుల్లో ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి కాబట్టి ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న అవసరమైతే దాని దగ్గరికే నేరుగా వెళ్ళొచ్చు, వరసగా చదవనక్కర్లేదు. ఉదాహరణలు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలవే.

## మొట్టమొదట వచ్చే సందేహాలు

వంటకు కట్టెలు కొట్టడం వల్ల అడవులు పోతున్నాయా, లేదా?

అడవి పోవడం వేరు, పలచబడడం వేరు. చెట్లు తీసేసి ఆ నేలను పొలంగానో, గనిగానో, జలాశయంగానో, రోడ్డుగానో మార్చితే అడవి పోయినట్టు. వంటచెరకు కోసం వెళ్ళేవాళ్ళు చేసేది సాధారణంగా ఇది కాదు. వాళ్ళవల్ల అడవి నెమ్మదిగా పలచబడుతుంది.

ఈ పలచబడడం లెక్కల్లో చాలాకాలం కనబడదు. మన దేశపు అటవీ సర్వే పైనుంచి చూసినప్పుడు నేలలో 70 శాతం, అంతకు మించి ఆకు కప్పేసి ఉంటే చాలా దట్టమైన అడవి అంటుంది. 40 నుంచి 70 మధ్య ఉంటే ఓ మోస్తరు దట్టం, 10 నుంచి 40 మధ్య ఉంటే పలచని అడవి. 65 శాతం ఉన్న గుట్ట 42కి పడిపోయినా కాగితం మీద అదే తరగతిలో ఉంటుంది. గుట్ట కింద ఊళ్ళో కట్టెలకు పోయే ఆడవాళ్ళకు మాత్రం ఆ తేడా కాళ్ళకు తెలుస్తుంది. అరగంట నడక రెండు గంటలవుతుంది.

కట్టెలన్నీ అడవి నుంచే వస్తాయా?

రావు. భారత అటవీ సర్వే సంస్థ 2011 నివేదిక ప్రకారం దేశంలో ఏడాదికి వాడే కట్టె సుమారు 21.6 కోట్ల టన్నులు, అందులో అడవుల నుంచి వచ్చింది 5.9 కోట్ల టన్నులు. అంటే పావు వంతుకు కాస్త ఎక్కువ. మిగిలింది పొలం గట్లు, చెరువు కట్టలు, బీళ్ళు, రోడ్డు పక్క తుమ్మలు, ఇంటి పెరట్లో వేప, కానుగ కొమ్మలు. అయితే ఇది దేశం మొత్తానికి సగటు. అడవిని ఆనుకుని ఉన్న పల్లెలో దాదాపు అంతా అడవి కట్టే కావచ్చు, డెల్టా ఊళ్ళో అసలేమీ కాకపోవచ్చు. సగటు చూసి మీ ఊరి సంగతి తేల్చకండి.

మరి పేదవాళ్ళే అడవిని నరికేస్తున్నారని ఎందుకంటారు?

1970ల్లో ఈ మాట ప్రపంచమంతా బలంగా పాకింది. జనాభాను, తలసరి కట్టెను గుణించి, దాన్ని అడవి పెరుగుదలతో పోల్చి, పాతికేళ్ళలో కట్టెలే దొరకవని లెక్కలు కట్టారు. పొలాల్లో ఉండే చెట్లను, కొట్టినా మళ్ళీ చిగురించే మొదళ్ళను, కట్టె కరువైతే కంది పుల్లలకూ పిడకలకూ మళ్ళే జనాన్ని ఆ లెక్క పట్టించుకోలేదు. చెప్పినంత కరువు రాలేదు.

అలాగని భారం శూన్యమనీ కాదు. 2015లో వెలువడిన ఒక ప్రపంచస్థాయి అధ్యయనం, 2009లో కొట్టిన వంటచెరకులో 27 నుంచి 34 శాతం మళ్ళీ పెరిగే వేగాన్ని మించి తీసినదని తేల్చింది. ఒత్తిడి ఎక్కువున్న ప్రాంతాల్లో దక్షిణాసియా ఒకటి. కాబట్టి "ఇదంతా పేదల నేరం" అన్నదీ తప్పే, "పేదలవల్ల ఏమీ కాదు" అన్నదీ తప్పే. ఎక్కడ, ఏ కట్టె, ఎవరి పొయ్యికి అన్నది చూడాలి.

పేదరికానికీ కట్టెకూ లంకె ఎక్కడుంది?

డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు, డబ్బు చేతికొచ్చే తీరులో ఉంది. రోజు కూలి మీద బతికే ఇంటికి గ్యాస్ సిలిండర్‌కు ఒకేసారి వందల రూపాయలు తీయడం కష్టం. అదే పనుల్లేని రోజున ఒంట్లో సత్తువ ఉంటుంది, అడవి ఉంటుంది. మార్చి నుంచి మే దాకా పొలం పనులు పెద్దగా ఉండవు. ఆకు రాలి, పుల్ల ఎండి అడవిలో కట్టె తేలిగ్గా దొరికేదీ అప్పుడే. వానాకాలానికి సరిపడా మోపులు పేర్చుకునేదీ అప్పుడే.

రెండో లంకె భూమి. రెండెకరాల రైతుకు పత్తి కట్టె, కంది కట్టె ఉంటాయి. నాలుగు గేదెలున్న ఇంటికి పిడకలు ఉంటాయి. భూమీ, గొడ్డూ లేని ఇంటికి అందరిదీ అయిన అడవి తప్ప దారి లేదు.

మూడోది తరచూ మరిచేది: కట్టె అంటే నగదు కూడా. ఇంట్లో జ్వరం వచ్చినా, బడి తెరిచే జూన్ వచ్చినా రెండు మోపులు అమ్మితే ఆ పూటకు గడుస్తుంది. కట్టె వీళ్ళకు తాళం లేని బ్యాంకు. ఇంటి వాడకానికి కొట్టడం ఇంటి అవసరంతో ఆగుతుంది. అమ్మకానికి కొట్టడం మాత్రం బజారు అడిగినంత సాగుతుంది.

ఒక సవరణ. ఊళ్ళో ఎక్కువ కట్టె కాల్చేది ఎప్పుడూ నిరుపేద ఇల్లే కాదు. పదిమందికి నీళ్ళ కాగు, పశువులకు దాణా ఉడకబెట్టే పెద్ద ఇంట్లో ఇంకా ఎక్కువ కాలుతుంది. వాళ్ళు కొనుక్కుంటారు, అంతే తేడా.

పోడు, వంటచెరకు ఒకటేనా?

కాదు. పోడు అంటే సాగు కోసం అడవిని కొట్టి కాల్చడం. ఆ కొట్టిన చెట్లలో కొంత పొయ్యిలోకి వస్తుంది కాబట్టి రెండూ కలిసిపోయినట్టు కనిపిస్తాయి. కొట్టింది పంట కోసం, కట్టె దానితో వచ్చిన పక్క సరుకు. గ్యాస్ ఇస్తే పోడు ఆగదు, పట్టా ఇస్తే పొయ్యి ఆరదు.

## అడవిలో ఏం జరుగుతుంది

ఎండు కట్టె ఏరుకుంటే అడవికి నష్టమేముంది?

చాలా తక్కువ. రాలిన కొమ్మలు చెదలకు, పుట్టగొడుగులకు, నేల సారానికి పనికొస్తాయి. అన్నీ ఊడ్చేస్తే ఆ మేరకు నష్టం ఉంటుంది కానీ, దానితో అడవి చావదు. పైగా వేసవిలో నేల మీద ఎండు చిదుగు తగ్గితే మంటల ఉధృతి కొంత తగ్గుతుంది.

ఎండు కట్టె అయిపోయాక వేసే అడుగు నుంచి నష్టం మొదలవుతుంది. వరస దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఇదే: మొదట రాలిన పుల్లలు, తర్వాత చెట్టుమీద ఎండిన కొమ్మలు, ఆ తర్వాత పచ్చి కొమ్మలు నరికి అక్కడే పడేసి పది రోజులాగి "ఎండుకట్టె"గా తెచ్చుకోవడం. ఆ తర్వాత మణికట్టు లావు లేత మొక్కలు, చివరికి మొదళ్ళు, వేర్లు. ఒక ఊరు ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. సాయంత్రం ఊళ్ళోకి దిగే మోపుల్ని చూడండి. పుల్ల చివర విరిగి ఉంటే ఏరింది. కొడవలితో ఏటవాలుగా కోసిన తెల్లని గాటు ఉంటే నరికింది. మోపులో వేరు ముక్కలు, మట్టి కనిపిస్తే ఆ గుట్ట ఆఖరి మెట్టులో ఉన్నట్టే.

లేత మొక్కల మెట్టు అన్నిటికన్నా ప్రమాదం. పెద్ద చెట్లు నిలిచే ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూస్తే అడవి బాగానే కనిపిస్తుంది. కింద మాత్రం వారసులుండరు.

నరికిన చెట్టు మళ్ళీ చిగురిస్తుంది కదా, భయమెందుకు?

చిగురిస్తుంది, మూడు షరతుల మీద. మన ఎండు అడవుల్లో టేకు, చిరుమాను, మోదుగ, తంగేడు లాంటివి మొదలు నుంచి బాగా పిలకలేస్తాయి.

ఒకటి, కోత సరిగ్గా పడాలి. నేలకు జానెడు ఎత్తులో, పదునైన గొడ్డలితో, నీరు నిలవకుండా ఏటవాలుగా. మొద్దుబారిన గొడ్డలితో పదిసార్లు కొడితే బెరడు చీలి మొదలు కుళ్ళుతుంది. రెండు, ఆకురాల్చిన కాలంలో, అంటే వానలకు ముందు కొట్టాలి. మూడు, మొదటి రెండేళ్ళు ఆ పిలకలు మేకల నోట్లో, మంటల్లో పడకూడదు. ఏటా కొట్టి, ఏటా మేపి, ఏటా కాలిస్తే వేరులో నిల్వ అయిపోతుంది. చెట్టు పొదగా మారి ఆ పొద కూడా చచ్చిపోతుంది.

వేరు బతికి ఉన్నంతకాలం ఆశ ఉంటుంది. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని కల్పవల్లి గుట్టలు దీనికి సాక్ష్యం. 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నిప్పునుంచి, నరుకుడునుంచి కాపలా కాస్తూ వచ్చారు. నేలలో మిగిలిన మొదళ్ళు, విత్తనాలే చాలావరకు ఆ బోడిగుట్టల్ని మళ్ళీ కప్పాయి.

కట్టెలమ్ముకునేవాళ్ళని ఆపేస్తే సరిపోదా?

వాళ్ళు కట్టె అమ్ముతున్నారంటే ఎవరో కొంటున్నారు. పట్టణం చివరి టీకొట్లు, హోటళ్ళు, పెళ్ళి వంటలు, ఇటుక బట్టీలు, శవదహనాలు, మెట్ట ప్రాంతంలో వర్జీనియా పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టాలు (బ్యారన్లు). ఒక కిలో పొగాకు ఆకు బ్యారన్‌లో ఆరడానికి సుమారు నాలుగైదు కిలోల కట్టె పోతుంది. ఇప్పుడు వీటికి చాలావరకు సరుగుడు, సుబాబుల్, జామాయిల్ తోటల కట్టె, జీడిమామిడి, మామిడి దుంగలు వస్తున్నాయి. ధర పెరిగినప్పుడు అడవి కట్టె అందులో కలుస్తుంది.

తలమీద మోపు పెట్టుకున్న ఆమెను ఆపడం తేలిక, ఆమె ఎదురుగానే కనిపిస్తుంది. ట్రాక్టర్‌లో పోయేది రాత్రిపూట పోతుంది. కొనేచోట, ఏ తోట నుంచి వచ్చిందో చూపించే కాగితం అడిగితే వచ్చే ఫలితం, గుట్ట కింద కాపలా కాస్తే రాదు.

బొగ్గు కాల్చడం కట్టె కాల్చడం కన్నా మేలా?

పొయ్యి దగ్గర మేలు, అడవికి చేటు. మట్టి కప్పిన మామూలు బట్టీలో ఒక కిలో బొగ్గుకు ఐదు నుంచి ఏడు కిలోల కట్టె పడుతుంది. కట్టెలో ఉన్న వేడిలో మూడింట రెండొంతులు బట్టీలోనే పోతుంది. అయినా ఎందుకు చేస్తారంటే, బొగ్గు తేలిక, బస్తాల్లో దూరం పోతుంది, ఇస్త్రీ బండికీ తందూరీ పొయ్యికీ అదే కావాలి. బట్టీ చెడిందా అంటే మట్టి కప్పు పగిలి గాలి దూరిందని అర్థం. తెల్లారేసరికి బొగ్గు బదులు బూడిద మిగులుతుంది. మళ్ళీ అంత కట్టె కొట్టాల్సిందే.

సర్కారు తుమ్మ మంచిదా చెడ్డదా? పీకేయమంటారా?

చెరువుల్ని, మేత బీళ్ళని ఆక్రమిస్తుంది, నిజమే. కానీ ప్రకాశం, అనంతపురం, పాలమూరు వైపు పేదింటి పొయ్యిని నడిపేది అదే. గట్టి కట్టె, వేడెక్కువ, పచ్చిగా కూడా ఒక మాదిరిగా మండుతుంది, కొట్టినకొద్దీ పిలకలేస్తుంది. ముల్లు కాలిలో విరిగితే చీము పడుతుంది. కట్టెకు పోయేవాళ్ళకు దానితో ఉన్న బాధ అదొక్కటే. చెరువు లోపల, కాలువల వెంట తీయించండి. ఊరి చుట్టూ ఉన్నదంతా ఒక్కసారే జేసీబీతో లేపేస్తే ఆ భారం మర్నాటి నుంచి గుట్ట మీద చిరుమానుల మీద పడుతుంది.

సముద్రం పక్కన ఊళ్ళలోనూ ఈ సమస్య ఉందా?

ఉంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులు 1978లోనే అభయారణ్యమయ్యాయి. చుట్టూ ఉన్న మత్స్యకార పల్లెలకు చాలాకాలం పొయ్యి కట్టె, దడి కర్ర అక్కడిదే. మడచెట్టు నరికితే వచ్చే నష్టం వంట కట్టెతో తేలేది కాదు. తుఫాను అలను ఆపే కంచె పోతుంది, రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగే చోటు పోతుంది.

## చట్టం సంగతి

ఎండు పుల్లలు తెచ్చుకుంటే కేసు పెడతారా?

మీరెవరు, అది ఏ రకం అడవి అన్నదాన్ని బట్టి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు ఇస్తుంది. ఆ నిర్వచనంలో వెదురు, తేనె, తునికాకుతోపాటు చిదుగు పుల్లలు, చెట్టు మొద్దులు కూడా పేరు పెట్టి ఉన్నాయి. 13 డిసెంబరు 2005 నాటికి అడవి మీద ఆధారపడి నివసిస్తున్న గిరిజనులకు ఇది వర్తిస్తుంది. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళ నివాసం చూపించాలి.

హక్కును కాగితం మీదికి తెచ్చుకోవాలంటే గ్రామసభ అటవీ హక్కుల కమిటీ ద్వారా ఫారం 'బి'లో సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టాలి. అది గ్రామసభ తీర్మానంతో డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడినుంచి జిల్లా కమిటీకి వెళుతుంది. చాలా ఊళ్ళు వ్యక్తిగత పట్టాల మీదే దృష్టి పెట్టి దీన్ని వదిలేస్తాయి. దరఖాస్తులో "వంటచెరకు" అని ఊరుకోకుండా ఏ గుట్ట, ఏ దారి, ఏ నెలల్లో అని రాయండి. సరిహద్దు రాయని దరఖాస్తులే ఎక్కువగా వెనక్కొస్తాయి.

ఈ హక్కు లేనివాళ్ళకు రిజర్వు ఫారెస్టులో 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమే దిక్కు. పచ్చి చెట్టు నరికితే అది నేరం. అభయారణ్యాలు, పులుల అభయారణ్యాల్లో నియమాలు ఇంకా కఠినం. 1988 జాతీయ అటవీ విధానం మాత్రం అడవిలో, అడవి పక్కన ఉండే గిరిజనుల, పేదల ఇంటి అవసరాలకే అటవీ ఉత్పత్తుల్లో మొదటి వాటా అంటుంది. విధానం కోర్టులో చట్టంలా పనిచేయదు కానీ, సమావేశంలో ఎత్తి చూపడానికి పనికొస్తుంది.

నా పొలంలో చెట్టు నేను కొట్టుకోవడానికి కూడా అనుమతి కావాలా?

చాలా జాతులకు కావాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పట్టా భూమిలో చెట్టుకైనా అనుమతి తీసుకోవాలి. కొన్ని తోట జాతులకు మినహాయింపు ఉంది, ఆ జాబితా దగ్గరి రేంజి కార్యాలయంలో అడిగి తీసుకోండి. కొమ్మలు కత్తిరించి ఇంట్లో వాడుకోవడం మీద ఎవరూ గొడవ పెట్టుకోరు. బండికెత్తి ఊరు దాటిస్తేనే చిక్కు.

## పొయ్యి దగ్గర

ఒక ఇంటికి ఏడాదికి ఎంత కట్టె పడుతుంది?

ఐదుగురున్న ఇంట్లో, వంటకూ స్నానాల నీళ్ళకూ కలిపి, మామూలు మట్టి పొయ్యి మీద రోజుకు ఐదు నుంచి ఎనిమిది కిలోలు. ఆరు కిలోలనుకుంటే ఏడాదికి సుమారు 2.2 టన్నులు, 25 కిలోల మోపులు 88. ఎండుకట్టె కిలోలో దాదాపు 3,500 కిలోక్యాలరీల వేడి ఉంటుంది. మూడు రాళ్ళ పొయ్యి, మట్టి పొయ్యి అందులో 10 నుంచి 15 శాతమే గిన్నెకు ఇస్తాయి. మిగతాది పొగగా, గిన్నె పక్కల నుంచి పోయే మంటగా, పొయ్యి గోడలు తాగేసే వేడిగా పోతుంది. ఇంకోలా చెప్పాలంటే, మోసుకొచ్చిన ఎనిమిది మోపుల్లో ఏడు మోపులు గాలికే.

పచ్చి కట్టె, ఎండు కట్టె: నిజంగా అంత తేడా ఉందా?

తూకం లెక్కన ఉంది. అప్పుడే కొట్టిన కట్టెలో సగం బరువు నీళ్ళే, అందుకే కిలోకు వచ్చే వేడి ఎండుదానిలో సగం. అయితే తూకం వదిలి, ఒక చెట్టు మొత్తం కట్టెను చూస్తే నీళ్ళను ఆవిరి చేయడానికి పోయే వేడి పది పన్నెండు శాతమే. అసలు నష్టం వేరేచోట ఉంది: పచ్చిది సరిగా మండదు, మండని వాయువులన్నీ పొగై పోతాయి, ఊదుగొట్టం పట్టుకుని కూర్చునే మనిషి ఆ పొగ పీలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచమంతా కలిపి పోయిన ప్రాణాలు 32 లక్షలు.

ఎండబెట్టే పద్ధతి: మణికట్టు లావుకు చీల్చండి, చీల్చని దుంగ లోపల ఏడాదైనా తడిగానే ఉంటుంది. కింద రెండు రాళ్ళో మొద్దులో వేసి నేల తగలకుండా, అడ్డం నిలువు పేర్చండి. వానలకు రెండు మూడు నెలల ముందే పేర్చి, పైన మాత్రమే కప్పండి. చుట్టూ పట్టా చుట్టేస్తే ఉక్కకు బూజు పడుతుంది. ఎండిందా లేదా అన్నదానికి గుర్తు: చివర్లలో నెర్రెలు, ఊడొచ్చే బెరడు, రెండు ముక్కలు కొడితే ఖంగుమనే మోత. పచ్చిదైతే మొద్దుగా దబ్బుమంటుంది.

పొగరాని పొయ్యిలు ఇదివరకే ఇచ్చారు, మూలపడ్డాయి. మళ్ళీ ఎందుకు?

ఆ అనుభవం నిజమే. 1983 ప్రాంతంలో మొదలై 2002 దాకా నడిచిన జాతీయ కార్యక్రమంలో కోట్ల పొయ్యిలు కట్టారు. చాలావాటికి ఏడాది రెండేళ్ళే ఆయుష్షు. ఎందుకు పాడయ్యాయో తెలిస్తే ఇప్పుడు కట్టేవి నిలుస్తాయి.

మొదటి తప్పు, కట్టె పెట్టే నోరు. పొయ్యి చిన్న నోటితో, జానెడు పుల్లలకు కట్టారు. ఇంట్లో ఉన్నవి మూరెడు దుంగలు. వారంలో నోరు పెద్దదైపోయింది, గాలి ఎక్కువై మంట గొట్టంలోంచి పోయింది. రెండో తప్పు, పొగగొట్టం. నాలుగంగుళాల గొట్టంలో మసి పేరుకుంటుంది. నెలకోసారైనా దులపకపోతే పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది, అప్పుడు గొట్టం పీకేస్తారు. మూడోది, రాగి సంగటి గెలికేటప్పుడు పడే బలానికి అంచులు విరగడం.

కొత్తగా కట్టుకునేటప్పుడు గమనించాల్సినవి: మంట గది లోపల నాలుగంగుళాల వెడల్పు, గిన్నె దాకా పది పన్నెండు అంగుళాల ఎత్తు. కింద ఇనుప జాలీ పెట్టి దాని కిందినుంచి గాలి వచ్చేలా చూడాలి. గిన్నెకూ అంచుకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు చాలు. రెండు వేళ్ళు పడితే వేడి దాటిపోతుంది, అసలు సందే లేకపోతే పొయ్యి పొగను ముందుకు ఉమ్ముతుంది. పుట్టమన్నుకు ఊక, పేడ కలిపి, నీడలో కనీసం వారం ఆరనివ్వాలి. ఎండలో ఆరితే నెర్రెలే. భారత ప్రమాణాల సంస్థ గుర్తున్న కట్టె పొయ్యిలకు కనీస సామర్థ్యం 25 శాతం, ఫ్యానున్నవాటికి 35 శాతం. ఆ లెక్కన కట్టె సగం మిగలాలి. ఇళ్ళలో కాటా పెట్టి చూస్తే పావు నుంచి మూడో వంతు మిగిలితే సంతోషించాలి, ఎందుకంటే పాత పొయ్యి కూడా పక్కన వెలుగుతూనే ఉంటుంది.

పొయ్యి మార్చకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. మూత పెట్టి వండటం, పప్పు ముందే నానేయడం, అన్నం ఉడుకు పట్టాక గిన్నెను వరిగడ్డి నింపిన బుట్టలో మూసిపెట్టడం. ఖర్చు సున్నా.

పత్తి కట్టె, కంది కట్టె వాడితే అడవి కట్టె తగ్గుతుందా?

తగ్గుతుంది, ఎకరాకు సుమారు టన్ను దాకా వస్తుంది. భగ్గున మండి ఆరిపోతుంది కాబట్టి పొయ్యి దగ్గర మనిషి కదలకూడదు. నాలుగైదు నెలలకు మించి రాదు. పత్తి కట్టెతో ఒక జాగ్రత్త: పొలం గట్టునే కుప్పేసి జూన్ దాకా ఉంచితే ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు బతికి కొత్త పంటకు పాకుతుంది. కాయలు దులిపి, ఊళ్ళోకి తెచ్చి, వానలలోపే కాల్చేయండి.

## గ్యాస్, గోబర్ గ్యాస్

ఒక సిలిండర్ ఎన్ని మోపుల కట్టెకు సమానం?

దాదాపు తొమ్మిది మోపులు. 14.2 కిలోల సిలిండర్‌లో కిలోకు సుమారు 10,800 కిలోక్యాలరీలు, గ్యాస్ పొయ్యి 60 శాతం గిన్నెకు ఇస్తుంది. గిన్నెకు చేరే వేడి 92,000. కట్టె పొయ్యిలో కిలోకు చేరేది, 12 శాతం లెక్కన, 420. భాగిస్తే 220 కిలోల కట్టె.

ఇదే లెక్క తిరగేసి చూడండి. సిలిండర్ 850 రూపాయలనుకుంటే ఒక మోపు విలువ సుమారు 100 రూపాయల గ్యాస్. ఆ మోపుకు సగం రోజు పడుతుంది. పని దొరికే రోజున కట్టెకు పోవడం నష్టం, దొరకని రోజున వంద రూపాయలు మిగిలినట్టు. ఆడవాళ్ళు ఈ లెక్క మనకన్నా బాగా వేస్తారు. "అవగాహన లేక" కట్టె వాడుతున్నారనే మాట వినబడినప్పుడల్లా ఈ వంద రూపాయలు గుర్తు చేయండి.

గ్యాస్ కనెక్షన్ ఇచ్చాక కూడా కట్టె పొయ్యి ఎందుకు వెలుగుతోంది?

2011 జనాభా లెక్కల్లో గ్రామీణ ఇళ్ళలో 62.5 శాతానికి కట్టె ప్రధాన ఇంధనం, గ్యాస్ 11.4 శాతానికే. ఆ తర్వాత బొమ్మ మారింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లోనే దీపం పథకం వచ్చింది. 2016 మేలో కేంద్రం ఉజ్వల పథకం మొదలై 2019 సెప్టెంబరుకు 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చింది. కనెక్షన్ చేరింది కానీ రీఫిల్ అంత చేరలేదు. ఉజ్వల ఇళ్ళు 2019-20లో సగటున ఏడాదికి మూడు సిలిండర్లే వాడాయి, 2024-25లో నాలుగున్నర. వంట, నీళ్ళు అన్నీ గ్యాస్ మీదే అయితే ఐదుగురి ఇంటికి ఎనిమిది నుంచి పది కావాలి.

ఆ తేడా ఎక్కడుంది? నీళ్ళ కాగు దగ్గర. అన్నం, టీ గ్యాస్ మీద, స్నానాల నీళ్ళు, పశువుల దాణా, జొన్నరొట్టె, సంగటి కట్టె మీద. గ్యాస్ నీళ్ళు కాచడానికి తగలేయడం ఏ ఇల్లాలికీ మనసొప్పదు. కాబట్టి వంట పొయ్యిని మార్చినంత మాత్రాన కట్టె సగమే తగ్గుతుంది. మిగతా సగానికి పెరట్లో నీళ్ళ పొయ్యి బాగుచేయాలి, దాని జోలికి ఏ పథకమూ వెళ్ళదు.

రెండోది రాయితీ వచ్చే తీరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయలకు సిలిండర్. చాలాచోట్ల ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే మొత్తమే నిరుపేద ఇంటికి అడ్డం. ఆధార్ అనుసంధానం తప్పి ఒకసారి డబ్బు పడకపోతే మళ్ళీ బుక్ చేయరు. మహిళా సంఘం ఆ మొత్తాన్ని పదిహేను రోజులకు సర్దితే, లేదా 5 కిలోల చిన్న సిలిండర్ అడిగి తీసుకుంటే ఈ ముడి కొంత వదులవుతుంది.

గోబర్ గ్యాస్ పెట్టుకోవాలంటే ఎన్ని గొడ్లు కావాలి?

ఐదుగురి వంటకు రెండు ఘనపు మీటర్ల ప్లాంటు, రోజుకు 50 కిలోల పేడ. గేదె కట్టేసి ఉంటే రోజుకు 15 కిలోలు, ఆవు 10 కిలోలు ఇస్తుంది. మేతకు బయట తిరిగే గొడ్డు పేడ సగం దారిలోనే పోతుంది. అంటే నాలుగైదు గొడ్లు కావాలి. ఇక్కడే తిరకాసు: అన్ని గొడ్లున్న ఇల్లు అడవి కట్టె మీద ఎక్కువగా ఆధారపడదు. నిరుపేదకు ఇది పరిష్కారం కాదు.

పెట్టుకున్నవాళ్ళకు: పేడ, నీళ్ళు సమానంగా కలపండి, గడ్డి పరకలు ఏరేయండి. మొదట వచ్చే గ్యాస్ మండదు, అందులో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ. వదిలేసి మళ్ళీ నిండనివ్వండి. సబ్బు నీళ్ళు, ఫినాయిల్ లోపలికి పోతే సూక్ష్మజీవులు చచ్చి వారాలపాటు గ్యాస్ రాదు. మంట ఎగిరెగిరి పడుతుంటే గొట్టంలో నీరు చేరిందన్నమాట, పల్లంలో ఉన్న చిన్న కొళాయి విప్పి వదలండి.

## ఊరి లెక్క

మా ఊరు గుట్టకు ఎంత భారమో ఎలా లెక్కేయాలి?

ఒక వేలాడే కాటా, ఒక నోటు పుస్తకం చాలు. భూమిలేనివాళ్ళు, చిన్న రైతులు, గొడ్లున్నవాళ్ళు కలిసేలా ఇరవై ఇళ్ళు ఎంచుకోండి. పొద్దున ఒక కుప్ప తూచి పెట్టి, "ఈ కుప్పలోనుంచే వాడండి" అని చెప్పి, మర్నాడు అదే వేళకు మిగిలింది తూచండి. కనీసం మూడు రోజులు, పండగా చుట్టాలూ లేనప్పుడు. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేయండి, నీళ్ళ కాగు తేడా అప్పుడే బయటపడుతుంది. ఎవరెవరు తిన్నారో రాసుకోండి. ఎక్కడినుంచి తెచ్చారన్నది అడగొద్దు, మోపు చూడండి.

200 ఇళ్ళు, ఇంటికి రోజుకు 6 కిలోలు అయితే ఏడాదికి 438 టన్నులు. అందులో సగం పొలం కట్టె అయితే గుట్ట నుంచి 219 టన్నులు. మీ గుట్ట ఎకరాకు ఏటా అర టన్ను కట్టె పెంచగలదనుకుంటే 438 ఎకరాలు కావాలి. గుట్ట 300 ఎకరాలే ఉంటే మిగతాది అసలులోంచి తింటున్నట్టు.

ఊరి కట్టె ఊళ్ళోనే పెంచాలంటే ఏ చెట్లు, ఎన్ని?

సరుగుడు, సుబాబుల్ మూడు నాలుగేళ్ళలో చేతికొస్తాయి కానీ కాగితం మిల్లు ధర పలికితే ఒక్క కొమ్మా పొయ్యికి మిగలదు. ఇంటి వాడకానికి కావాల్సింది బజారులో ధర రాని, నరికినకొద్దీ చిగురించే చెట్టు. గట్ల మీద గ్లైరిసిడియా, కానుగ, తుమ్మ అలాంటివే. గ్లైరిసిడియా కొమ్మలు వానలు పడగానే మీటరు ఎడంతో నాటండి. రెండో ఏటినుంచి ఛాతీ ఎత్తులో కొట్టుకోవచ్చు, ఆకు పొలానికి ఎరువు, పుల్ల పొయ్యికి. నేల, నీరు బట్టి చెట్టుకు ఏటా 5 నుంచి 10 కిలోల ఎండుపుల్ల వస్తే, 100 చెట్లు ఒక ఇంటికి మూడు నుంచి ఐదు నెలల పొయ్యి.

భూమి లేనివాళ్ళకు గట్టు ఉండదు. వాళ్ళకోసం చెరువు కట్ట, బడి ఆవరణ, బంజరు మీద వేసిన చెట్ల కొమ్మ ఎవరిదో నాటే రోజే తీర్మానం రాసుకోండి. రాయని చోట మూడో ఏట వేలంపాట పెడతారు, కట్టె కాంట్రాక్టరుకు పోతుంది, ఆడవాళ్ళు తిరిగి గుట్టకే ఎక్కుతారు.

గుట్ట ఎక్కకుండా పూర్తిగా మూసేస్తే త్వరగా కోలుకుంటుంది కదా?

ఆ గుట్ట కోలుకుంటుంది, పక్క గుట్ట పోతుంది. మూయాలంటే మూడు భాగాలు చేసి ఒక్కోదాన్ని మూడేళ్ళు మూయండి. మిగతా రెంటిలో ఎండు కట్టెకు వారంలో రెండు రోజులు తెరవండి, గొడ్డలి వద్దు, కొడవలి చాలు. రోజులు ఎంచేటప్పుడు సంత రోజు వదిలేయండి. సంత రోజున తెరిస్తే మోపు పొయ్యికి కాకుండా నేరుగా బజారుకు పోతుంది.